మా పెరట్లో భూమి చప్పుడు: ఒక ప్రాజెక్టు డైరీ

2025 నవంబరు 25

నిన్న సాయంత్రం నుంచి టీవీలో ఒకటే వార్త. ఇథియోపియాలో హేలీ గుబ్బీ అనే అగ్నిపర్వతం ఆదివారం పేలింది. బూడిద సుమారు 14 కిలోమీటర్ల ఎత్తుకు లేచి, ఎర్రసముద్రం దాటి, గుజరాత్, రాజస్థాన్, ఢిల్లీల మీదికి వచ్చేసింది. విమానాలు రద్దయ్యాయి. ఆ కొండ గత 12 వేల ఏళ్లలో పేలిన దాఖలాయే లేదట.

మా అన్న కూతురు ఎనిమిదో తరగతి. అన్నం ముందు కూర్చుని అడిగింది: "చిన్నాయనా, అన్నేళ్లు గమ్మునుండిన కొండ మళ్లీ లేస్తుందని ముందే ఎవరికీ తెలీదా?"

తెలుస్తుంది, కానీ ఎవరైనా గమనిస్తూ ఉంటేనే అన్నాను. ఈ జులైలో పక్కనే ఉన్న ఎర్టా ఆలే పేలినప్పుడు శిలాద్రవం నేల లోపల హేలీ గుబ్బీ వైపు పాకిందని ఉపగ్రహాల కొలతల్లో కనిపించింది. ఎలా కనిపిస్తుంది, ఏ యంత్రంతో చూస్తారు, ఆ యంత్రం లోపల ఏముంటుంది అని ఒకదాని మీద ఒకటి ప్రశ్నలు. ఇన్వర్టర్లు, యూపీఎస్‌లు రిపేరు చేసుకునే నాకు యంత్రం లోపల ఏముంటుందన్న ప్రశ్న వింటే చేతులు ఊరుకోవు. సరే, చేసి చూద్దాం అన్నాను.

నిద్రలో ఉన్న అగ్నిపర్వతం మేలుకునే ముందు ప్రధానంగా మూడు పనులు చేస్తుంది. కంపిస్తుంది, ఉబ్బుతుంది, ఊపిరి వదులుతుంది. ఈ మూడింటినీ కొలిచే సాధనాలు, చిన్నవైనా సరే, మా పెరట్లోనే చేయాలన్నది ప్రాజెక్టు. చంద్రగిరి వైపు మా ఇల్లు. కింద గట్టి గ్రానైట్, ఎదురుగా తిరుమల కొండల క్వార్ట్‌జైట్ గోడ. ఇక్కడ అగ్నిపర్వతం లేదు, రాదు. అయినా కొలత అనేది ఎక్కడ నేర్చుకున్నా కొలతే.

డిసెంబరు 2

నేల కంపనాన్ని కరెంటుగా మార్చే జియోఫోన్ వచ్చింది. చూడ్డానికి పెద్ద బ్యాటరీ సెల్ లాగా ఉంటుంది. లోపల ఒక అయస్కాంతం, సన్నటి స్ప్రింగులకు వేలాడే తీగచుట్ట. నేల కదిలితే డబ్బా, అయస్కాంతం నేలతోపాటు కదులుతాయి. తీగచుట్ట మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. ఆ తేడా వల్ల తీగలో కరెంటు పుడుతుంది. నూరేళ్ల కిందటి సీస్మోగ్రాఫుల్లో (భూకంపాలను నమోదు చేసే యంత్రాల్లో) లోలకం చేసే పని కూడా ఇదే.

మల్టీమీటర్ పెడితే ఓపెన్. లోపల తీగ తెగిపోయి ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మినాయన మొదట ఒప్పుకోలేదు. వీడియో తీసి పంపాక వేరేది పంపుతానన్నాడు. చవకగా వస్తుందని పాత సరుకు కొంటే ఇదే తంటా. ఎవరైనా కొనాలనుకుంటే చేతికి రాగానే ఓమ్‌లు చూడండి. నేను తీసుకున్న 4.5 హెర్ట్జ్ (సెకనుకు నాలుగున్నర ఊపుల) రకానికి 375, 380 మధ్య రావాలి.

డిసెంబరు 11

రెండోది వచ్చింది. 378 ఓమ్‌లు. మీటరును మిల్లీవోల్టులకు తిప్పి, జియోఫోన్‌ను వంటింటి గట్టు మీద నిలబెట్టి, పాపను పక్కగదిలో నడవమన్నాను. అడుగు వేసినప్పుడల్లా అంకె కదిలింది. "నేనేనా అది?" అని పరుగెత్తుకొచ్చింది. ఆ పరుగుకు అంకె ఇంకా ఎగిరింది.

ఆ గట్టు గురించి ఒక మాట. అది నల్లరాయి. బ్లాక్ గ్రానైట్ అని అమ్ముతారు గానీ చాలావరకు అది గ్రానైట్ కాదు, డోలరైట్. సుమారు రెండు వందల కోట్ల ఏళ్ల కిందట మన తిరుపతి, చిత్తూరు ప్రాంతపు గ్రానైట్ పగుళ్లలోకి కిందినుంచి శిలాద్రవం ఎగదన్ని, అక్కడే గడ్డకట్టి, నల్లటి గోడల్లా నిలిచిపోయింది. వాటిని డైకులంటారు. ఇప్పుడు ఏ అగ్నిపర్వతం కిందైనా చిన్న చిన్న భూకంపాలు గుంపుగా వస్తున్నాయంటే, చాలాసార్లు ఇలాంటి గోడ ఒకటి లోపల రాయిని చీల్చుకుంటూ దారి చేసుకుంటున్నట్టు. పాప ఆ గట్టు మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడింది.

డిసెంబరు 14

సోల్డరింగ్ పూర్తయింది. సెకనుకు ఒక మైక్రాన్ వేగంతో నేల కదిలితే ఈ జియోఫోన్ సుమారు 29 మైక్రోవోల్టులు ఇస్తుంది. వోల్టేజిని అంకెలుగా మార్చే ఏడీఎస్1115 అనే 16 బిట్ల చిప్పు గెయిన్ పూర్తిగా పెంచితే 7.8 మైక్రోవోల్టుల తేడా పసిగడుతుంది. అంటే వెంట్రుక మందంలో వందో వంతు కంటే తక్కువ దూరాన్ని ఒక సెకనులో నేల జరిగినా నా కాగితం మీద పడాలి. చిప్పును ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డుకు కలిపి సెకనుకు 200 రీడింగులు తీసేలా రాశాను. గీత నిండా 50 హెర్ట్జ్ కరెంటు రొద. చార్జర్ పీకేసి యూపీఎస్ బ్యాటరీ మీద నడిపితే సగానికి సగం పోయింది. షీల్డు ఉన్న వైరు వేశాక మిగతాది పోయింది.

డిసెంబరు 17

పెరట్లో జామచెట్టుకు దూరంగా గుంత తవ్వాం. చెట్టు దగ్గర పెడితే గాలికి వేళ్లు ఊగి నేలను కదిలిస్తాయి. రెండడుగుల లోపే రాయి తగిలింది. ఊళ్లో బోరు వేసేవాళ్లు ఈ రాయిని తిట్టుకుంటారు, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. రాయి మీద పిడికెడు సిమెంటు వేసి జియోఫోన్‌ను నిటారుగా కూర్చోబెట్టి, పైన పీవీసీ గొట్టం దించి మూత పెట్టాం.

డిసెంబరు 21

నాలుగు రోజుల గీతలు ప్రింటు తీసి నేల మీద పరిచాం. పగలు రాత్రి తేడా కళ్లకు కట్టినట్టు ఉంది. అర్ధరాత్రి ఒంటిగంట నుంచి మూడు దాకా గీత సన్నగా దారంలా పోతుంది. నాలుగున్నరకు పాలబండ్లు, ఆ తర్వాత బస్సులు. పాకాల వైపు రైలు అరకిలోమీటరు దూరంలో పోతుంది. దాని గీత చేపలాగా ఉంటుంది: మెల్లగా ఉబ్బి, మెల్లగా సన్నబడుతుంది. మా అమ్మ గ్రైండరు వేస్తే వేరే తీరు.

మూడో రోజు ఉదయం ఐదుంబావుకు ఒక వింత. గీత ఒక్కసారిగా లావెక్కి, నలభై నిమిషాలు అదే మందంతో సాగి, టక్కున ఆగింది. మధ్యలో ఎక్కడా తగ్గని రొద. నాకు గుండె దడదడలాడింది, ఎందుకంటే పుస్తకాల్లో చూసిన అగ్నిపర్వత ట్రెమర్ అచ్చం ఇలాగే ఉంటుంది. మామూలు భూకంపం తలుపు కొట్టినట్టు వచ్చి తగ్గిపోతుంది. ట్రెమర్ నిమిషాలు, గంటలు, ఒక్కోసారి రోజుల తరబడి సాగుతుంది. శిలాద్రవమో, వేడినీరో, వాయువులో సన్నటి దారుల్లో ఒత్తిడితో పోతుంటే రాతిగోడలు అదురుతాయి.

ఫ్రీక్వెన్సీ తీసి చూస్తే 48 హెర్ట్జ్. ట్రెమర్ సాధారణంగా 1 నుంచి 5 హెర్ట్జ్ లోపల ఉంటుంది. 48 ఎక్కడిదా అని ఆలోచిస్తే నిమిషానికి 2,880 తిప్పులు, అంటే బోరు మోటారు. పక్కింటి అన్న అరటితోటకు నీళ్లు పెట్టే వేళ అది. మరుసటి రోజు ఆయన దగ్గరికెళ్లి, "అన్నా, ఐదు నిమిషాలు మోటారు ఆపి మళ్లీ వెయ్యవా" అని అడిగాను. ఆయన ఆపాడు, గీత సన్నబడింది. వేశాడు, లావెక్కింది. "నా మోటారు నీ ఇంట్లో వినిపిస్తా ఉందా!" అని ఆయన వచ్చి అరగంట కూర్చున్నాడు.

అగ్నిపర్వతాల దగ్గర పనిచేసేవాళ్లకు ఇది రోజూ ఉండే పనేనని ఇప్పుడు అర్థమైంది. గాలి, వాన, అలలు, లారీలు, మంచు విరిగిపడటం అన్నీ తీసేస్తేనే కొండ మాట వినిపిస్తుంది. అందులోనూ రకాలున్నాయి. రాయి విరిగితే వచ్చే కంపనం పదునుగా, 5 హెర్ట్జ్‌కు పైన ఉంటుంది. ద్రవాలు, వాయువులు కదిలితే వచ్చేది బొంగురుగా, 5 కంటే తక్కువ. ఈ రెండోది ఎక్కువైతేనే వాళ్లకు టెన్షన్. నా జియోఫోన్‌కు 4.5 కింద చెవుడు. బొంగురు గొంతు వినాలంటే నెమ్మది కంపనాలను కూడా పట్టే బ్రాడ్‌బ్యాండ్ సీస్మోమీటర్ కావాలి. అది నా స్తోమతకు మించింది.

డిసెంబరు 28

మధ్యాహ్నం ఒక దెబ్బ పడింది. ఇంట్లో ఎవరికీ తెలియలేదు. గీతలో మాత్రం మొదట చిన్న అల, 1.4 సెకన్ల తర్వాత పెద్ద అల. మొదటిది పి, రెండోది ఎస్. గట్టి రాయిలో పి సెకనుకు దాదాపు 6 కిలోమీటర్లు, ఎస్ మూడున్నర పోతాయి. లెక్క వేస్తే తేడా సెకన్లను 8.4తో గుణిస్తే దూరం వస్తుంది. దాదాపు 12 కిలోమీటర్లు.

మ్యాపు మీద కంపాసుతో వృత్తం గీశాం. ఆ గీత మీద రెండు రాళ్ల క్వారీలు ఉన్నాయి. ఏదో ఒకదాంట్లో పేల్చారు. ఏదన్నది ఒక్క యంత్రంతో చెప్పలేం. మూడు చోట్ల పెడితే వృత్తాలు కలిసే చోటు తెలుస్తుంది. లోతు కూడా కావాలంటే నాలుగైనా ఉండాలి.

1991లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో మీద పనికొచ్చింది ఇదే లెక్క. ఐదు వందల ఏళ్లుగా నిద్రపోయిన కొండ అది. అగ్నిపర్వతమని కింద ఉన్న చాలామందికి తెలియదు. ఏప్రిల్ 2న ఆవిరి పేలుళ్లు మొదలయ్యాయి. మూడు రోజుల్లోనే ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు సీస్మోగ్రాఫులు పెట్టారు, నెలాఖరుకు అమెరికా భూగర్భ సర్వే బృందం వచ్చి చేరింది. మొదట భూకంపాలు శిఖరానికి వాయవ్యంగా ఐదు కిలోమీటర్ల అవతల పుట్టేవి. జూన్ మొదటి వారానికి అవి జరుగుతూ జరుగుతూ శిఖరం కిందికే వచ్చాయి. ఖాళీ చేయించే పరిధిని 10 కిలోమీటర్ల నుంచి మొదలుపెట్టి 20, 30, 40కి పెంచారు. జూన్ 15న కొండ పేలింది. గత శతాబ్దపు అతి పెద్ద పేలుళ్లలో అదొకటి. అదే రోజు తుఫాను కూడా వచ్చి, తడిసి బరువెక్కిన బూడిదకు ఇంటికప్పులు కూలి వందల మంది పోయారు. కానీ వేల ప్రాణాలు దక్కాయి. రెండు నెలల రికార్డే ఆ ప్రాణాలను కాపాడింది. దీన్ని చదువుతున్నప్పుడు ఒళ్లు జలదరించింది.

2026 జనవరి 4

రెండో సాధనం: ఉబ్బును కొలిచేది. దీన్ని కొనక్కర్లేదు, మన మేస్త్రీల దగ్గర ఎప్పటినుంచో ఉంది. పునాది మట్టం చూసే నీళ్ల ట్యూబు. ట్యూబులో నీళ్లు ఎప్పుడూ రెండు చివర్లా ఒకే మట్టంలో నిలుస్తాయి. కాబట్టి నేల ఒరిగితే గోడ మీది గుర్తు కదులుతుంది గానీ నీళ్లు కదలవు. ఇదే సూత్రంతో చేసిన ట్యూబు టిల్ట్‌మీటర్లను (నేల వంపు కొలిచే సాధనాలను) అగ్నిపర్వత అబ్జర్వేటరీల్లో వాడారు.

మా ఇల్లు కట్టిన మేస్త్రీ వచ్చి 12 మీటర్ల ట్యూబు వేసి పెట్టాడు. బట్టల నీలిమందు రెండు చుక్కలు కలిపాం. బుడగ కోసం ట్యూబును జానెడు జానెడుగా వెలుతురుకు పెట్టి చూశాడు. "బుడగుంటే మట్టం అబద్ధం చెప్తుంది సార్, ఇల్లంతా వంకరొస్తుంది" అన్నాడు. మధ్యలో ఒకచోట ఆవగింజంత బుడగ దొరికింది. దాన్ని వేలితో తట్టుతూ చివరిదాకా నడిపించి బయటికి పంపాడు. పావుగంట పట్టింది. అంత ఓపికతో చేసే చెయ్యిని నేను ల్యాబుల్లో కూడా చూడలేదు.

రెండు చివర్లా స్కేలు అతికించాం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చదివి రాయడం పాప పని.

జనవరి 9

ప్రతి మధ్యాహ్నం తూర్పు చివర దాదాపు ఒక మిల్లీమీటరు ఎక్కువ. రాత్రికి మళ్లీ సమానం. 12 మీటర్లకు ఒక మిల్లీమీటరంటే 83 మైక్రోరేడియన్లు. నిజమైన అగ్నిపర్వతం మీద ఇంత వంపు వస్తే పెద్ద విషయం. అక్కడి టిల్ట్‌మీటర్లు ఒక మైక్రోరేడియన్ కంటే తక్కువ కూడా చూస్తాయి. ఒక మైక్రోరేడియన్ అంటే కిలోమీటరు పొడవు కమ్మీకి ఒక చివర ఒక్క మిల్లీమీటరు ఎత్తితే వచ్చే వంపు.

మా పెరడు రోజూ వంగి లేస్తోందా? రెండు రోజులు బుర్ర పగలగొట్టుకున్నాను. కారణం ఎండ. తూర్పు గోడకు నిలబెట్టిన భాగం మీద పదింటి నుంచి ఎండ పడుతోంది. పడమటి చివర నీడ. వేడెక్కిన నీళ్లు వ్యాకోచించి పైకి లేస్తున్నాయి. జానెడు నీటి మట్టానికి 15 డిగ్రీల వేడి ఎక్కితే దాదాపు అంతే పెరుగుతుంది, లెక్క సరిపోయింది.

గోనెసంచులు తడిపి ట్యూబు పొడవునా కప్పాం. నిలువు భాగాన్ని నాలుగంగుళాలకు తగ్గించాం. తేడా కంటికి కనిపించనంతకు పడిపోయింది. నిజమైన టిల్ట్‌మీటర్లను బోరుగుంతల్లో లోతుగా దించేది ఈ ఎండ, వానల బాధ తప్పించుకోవడానికే.

జనవరి 11

ఉబ్బు గురించి పాపకు అమెరికాలోని సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతం కథ చెప్పాను. 1857 తర్వాత ఊరుకున్న కొండ. 1980 మార్చి 20న 4.2 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆ తర్వాత ఉత్తరపు వాలు ఉబ్బడం మొదలైంది, రోజుకు ఒకటిన్నర, రెండు మీటర్ల చొప్పున. మే 18 పొద్దున ఆ వాలు మొత్తం జారిపోయి కొండ పక్కనుంచి పేలింది. 57 మంది చనిపోయారు.

ఇప్పుడు ఈ ఉబ్బును ఆకాశం నుంచి చూస్తున్నారు. రాడార్ ఉపగ్రహం ఒకే చోటి మీదికి మళ్లీ మళ్లీ వచ్చి, తరంగం వెళ్లి రావడంలోని తేడాతో నేల ఎంత లేచిందో చెబుతుంది. దీన్ని ఇన్‌సార్ అంటారు. యూరప్ వాళ్ల సెంటినెల్-1 తరంగం 5.6 సెంటీమీటర్లు. చిత్రంలో ఒక రంగుల వలయం అంటే 2.8 సెంటీమీటర్ల కదలిక. అలాస్కాలోని మౌంట్ ఎడ్జ్‌కంబ్ ఇలాగే దొరికింది. 2022 ఏప్రిల్‌లో అక్కడ చిన్న భూకంపాలు గుంపుగా వస్తే, శాస్త్రవేత్తలు పాత ఉపగ్రహ చిత్రాలు వెనక్కి తిప్పి చూశారు. కొండ 2018 ఆగస్టు నుంచే ఉబ్బుతోంది. ఇరాన్‌లో తఫ్తాన్ అనే కొండను చచ్చిపోయిన అగ్నిపర్వతం అనుకునేవారు. 2023 జులై నుంచి పది నెలల్లో దాని శిఖరం దగ్గర నేల 9 సెంటీమీటర్లు లేచింది.

ఇస్రో, నాసా కలిసి చేసిన నిసార్ ఉపగ్రహం కూడా ఈ పని చేస్తుంది. 2025 జులై 30 సాయంత్రం మన తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచే ఎగిరింది. 12 రోజులకోసారి అదే నేలను చూస్తుంది. దాని పొడుగు తరంగం, 24 సెంటీమీటర్లది, అడవి ఆకుల గుండా దూరి కింద నేలను తాకుతుంది. అడవి కప్పిన అగ్నిపర్వతాలు ప్రపంచంలో ఎన్నో ఉన్నాయి, వాటిలో చాలావాటి మీద ఒక్క యంత్రం కూడా లేదు. రాకెట్ ఎగిరిన రోజు మేం టీవీ ముందే ఉన్నాం. అప్పుడు అది దేనికో నాకు సరిగా తెలియదు.

భోగి

తెల్లవారుజామున నాలుగు నుంచి వీధంతా పిల్లలు వాయించే పలకల (చిన్న డప్పుల) మోత. గీత చూస్తే ముళ్లకంచె. ఆ పేజీని పాప రంగు పెన్సిళ్లతో అలంకరించి గోడకు అతికించింది.

జనవరి 18

మూడోది: ఊపిరి. బకెట్టు బోర్లించి, లోపల కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ పెట్టి, అంచు చుట్టూ మట్టి మెత్తాం. ఎరువుగుంత మీద పది నిమిషాల్లో 450 నుంచి 1,900 పీపీఎంకు (గాలిలో పది లక్షల వంతుల్లో ఎన్ని వంతులన్న లెక్క) ఎక్కింది. మామూలు నేల మీద అంతసేపట్లో యాభై కూడా పెరగలేదు. ఎంత వేగంగా పెరుగుతోందన్నదే నేల వదిలే వాయువు లెక్క. శాస్త్రవేత్తలు కూడా ఇలా పాత్ర బోర్లించే కొలుస్తారు.

శిలాద్రవం పైకొస్తుంటే ఒత్తిడి తగ్గి, సోడా మూత తీసినట్టు వాయువులు విడిపోతాయి. ముందుగా, లోతులోనే విడిపోయేది కార్బన్ డయాక్సైడ్. కాలిఫోర్నియాలోని మామత్ మౌంటెన్ దగ్గర 1989లో భూకంపాల గుంపు వచ్చాక, మరుసటి ఏడాది నుంచి చెట్లు ఎండిపోయాయి. వేర్లకు ఊపిరాడక పోయిన చెట్లవి. కొండ పేలలేదు. గంధకపు వాయువు పైపైన విడిపోతుంది, దారిలో నీళ్లుంటే అందులోనే కరిగిపోయి బయటికి కనిపించదు. పినటుబోలో అది మే 13న రోజుకు 500 టన్నులు, మే 28కి 5,000 పైన. తర్వాత ఉన్నట్టుండి పడిపోయింది. తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకోలేదు వాళ్లు. దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరుగుతోందని అనుమానించారు. అంకె తగ్గడం కూడా గుర్తే కావచ్చని నాకు అప్పటిదాకా తట్టలేదు.

జనవరి 25

రాత్రంతా రెండు కథలు చదివాను. ఒకటి ఇటలీలో అగ్నిపర్వతం మీదే ఉన్న పొజువోలి అనే ఊరిది. 1982 నుంచి 1984 వరకు ఊరు ఊరే 1.8 మీటర్లు పైకి లేచింది. 40 వేల మందిని తరలించారు. పేలలేదు. 2005 నుంచి మళ్లీ లేస్తోంది. 2025 మార్చిలో, జూన్‌లో 4.6 తీవ్రతతో కంపించింది. అక్కడివాళ్లు ఆ భయంతోనే పిల్లల్ని బడికి పంపుతున్నారు. ఖాళీ చేయించి పేలకపోతే శాస్త్రవేత్తలను తిట్టడం అన్యాయం. లోపలికి వచ్చిన శిలాద్రవంలో చాలా భాగం పైదాకా రాకుండా అక్కడే ఆగిపోతుంది, మా వంటింటి గట్టు రాయిలాగా.

రెండోది మెక్సికోలోని ఎల్ చిచోన్. ఆరు వందల ఏళ్ల నిద్ర. 1982 మార్చి 28న పేలింది, వారంలో దాదాపు రెండు వేల మంది పోయారు. కొండ మీద ఒక్క యంత్రం కూడా లేదు. కానీ దగ్గరలో ఒక డ్యాము కోసం పెట్టిన సీస్మోమీటర్లలో అంతకు ముందు నెలల నుంచే భూకంపాలు పడుతూ ఉన్నాయి. వాటిని కూర్చుని విశ్లేషించింది పేలుడు తర్వాత. రికార్డు ఉంది, చూసే కళ్లు లేవు. నాకు నిద్ర పట్టలేదు. లేచి మా గీతల కాగితాలకు తేదీలు వేసి, వరసగా ఫైలులో పెట్టాను.

ఫిబ్రవరి 1

జియోఫోన్ 46 రోజులుగా నడుస్తోంది. కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి రెండుసార్లు మొత్తం తొమ్మిది గంటలు ఆగింది. ఆ ఖాళీని ఖాళీగానే వదిలాను, గీత కలపలేదు. పక్కింటి మోటారును రోజూ గుర్తుపట్టి పక్కన పెట్టేలా ప్రోగ్రాం రాశాను. రైళ్లను ఇంకా చేత్తోనే గుర్తిస్తున్నాం.

రెండో జియోఫోన్ పాకాలలో మా అక్కవాళ్ల ఇంట్లో పెట్టాలి. మా బావ గుంత తవ్వించి పెట్టాడు, ఆయనకూ రాయి తగిలిందట. రెండు గడియారాలు ఒకటే సమయం చూపాలి కాబట్టి జీపీఎస్ మాడ్యూల్ తెప్పించాను. ఈసారి పార్సెల్ విప్పగానే మీటరు పెట్టాను: 376 ఓమ్‌లు. వచ్చే ఆదివారం ఇద్దరం బండి మీద వెళ్తున్నాం. మూడోదానికి డబ్బు మార్చిలో చూడాలి.

ట్యూబు రీడింగ్, రాత్రి తొమ్మిదికి, పాప రాసింది: తూర్పు 14.2, పడమర 14.2. పక్కన చిన్న అక్షరాల్లో, "సంచులు తడిపాను."